ఊ కొట్టేవాడు

కథ చెప్పేవాడికి మన భాషలో ఎన్ని పేర్లున్నా, వినేవాడు చేసే పనికి వొకటే మాట: ఊ కొట్టడం. యీ మాటను మన విమర్శకులు పెద్దగా పట్టించుకున్నట్టు నాకు కనబడదు.

మా వూళ్లో నాట్లకు పోయే వొకామె, తనకు రావలసిన రెండు రోజుల కూలి ఆసామి ఎగవేసిన వైనం తోటివాళ్లకు చెపుతూంటే విన్నాను. ఇంట్లో లేనని ఆయనే లోపలినుంచి కబురంపాడట. గుమ్మం ముందు మాత్రం ఆయన చెప్పులున్నాయట. "ఊ", "ఆఁ", "చెప్పులున్నాయీ?" అని వాళ్లు అందుకుంటున్నకొద్దీ కథ పెరిగింది. వారం తిరక్కుండా ఆ కథే ఆమె వొక ఆఫీసులో చెప్పబోయింది. "అసలు సంగతి చెప్పమ్మా, ఎంత రావాలి?" అన్నాడు బల్ల అవతలి మనిషి. కథ చెప్పుల దాకా రానేలేదు. కూలి లెక్క మిగిలింది, ఆసామి అబద్ధం మాయమైంది. అర్జీ రాసిపెట్టింది నేనే. నేనూ చెప్పులు రాయలేదు.

లబోవ్, వాలెట్స్కీ అనే అమెరికన్ భాషాశాస్త్రజ్ఞులు 1967లో, మామూలు మనుషులు నోటితో చెప్పిన స్వానుభవాలను పరిశీలించారు. జరిగినది జరిగిన వరసలో చెప్పినంత మాత్రాన కథ నిండదనీ, అది ఎందుకు చెప్పదగినదో తెలిపే పాలు కూడా వుండాలనీ చూపారు. బల్ల ముందు మొట్టమొదట తెగిపోయేది ఆ పాలే.

వినేవాడి పాలు మాటేమిటి? మన బుర్రకథ చూడండి. కథకుడికి అటూ యిటూ యిద్దరు వంతలు: వొకరిది హాస్యం, వొకరిది రాజకీయం. వినేవాడి సందేహాన్నీ ఎగతాళినీ వేదిక ఎక్కించిన కళ అది. 1940లలో ప్రజానాట్యమండలి చేతిలో, నాజర్ వంటివారి నోట, అది అంత పదునెక్కడానికి పాట వొక్కటే కారణం కాదని నా నమ్మకం.

అయితే ప్రతి ఊ నమ్మకం కాదు. అరుగుమీద కూర్చుని ఆసామి తన కోర్టు గెలుపు చెపుతూంటే పనివాడూ ఊ కొడతాడు. అదీ కూలిలో భాగమేనని వాడికి తెలుసు.

శ్రీపాద కథల్లో పాత్రలు మాటకు మాట అందుకుంటాయి. మన అభ్యుదయ కథల్లో చాలావాటిలో కూలివాడు నోరు విప్పితే అర పేజీ ఏకధాటిగా మాట్లాడుతాడు. చుట్టూ వున్నవాళ్లు మంటపంలో బొమ్మల్లా నిలబడతారు. (నేను రాసినవీ అందులో వున్నాయి.) అడ్డు తగిలేవాడు లేని ఆ మాట ఉపన్యాసమవుతుంది. అది కూలివాడిది కాదు, మనది.

ఆమె డబ్బు తర్వాత వచ్చింది. చెప్పుల కథ నాట్లలో యింకా చెప్పుకుంటూనే వున్నారు. యీమధ్య విన్నప్పుడు అవి రెండు జతలయ్యాయి.