తీగ మీద బాణం, పక్కన హార్మోనియం

సురభి నాటక సమాజం వాళ్ల 'మాయాబజార్' చూసినవాళ్లని ఎవరిని కదిపినా ముందు బాణాల సంగతే ఎత్తుతారు. అడవిలో అభిమన్యుడూ ఘటోత్కచుడూ ఒకరినొకరు ఎరగక తలపడతారు. ఇటునుంచి ఒక బాణం, అటునుంచి ఒక బాణం బయల్దేరి, స్టేజీ నడిమధ్య గాల్లో ఢీకొని, చిటపటమని రవ్వలు రాలుస్తాయి. పొద్దస్తమానం ఫోనులో యుద్ధాలు చూసే మా అమ్మాయి ఆ రవ్వలకి కుర్చీలోంచి లేచి నిలబడింది. "నానమ్మా, నిజం బాణాలే!" అంది.

కంటికి ఆనని సన్నటి తీగ అడ్డంగా కట్టి, దాని మీద బాణాన్ని జారవిడుస్తారు. రెండూ తగిలినచోట కరెంటు రవ్వ పుడుతుంది. ఈ కిటుకు తెలిశాక నా ఆశ్చర్యం తగ్గకపోగా పెరిగింది. నటుడు వింటినారి లాగి వదిలిన క్షణమూ, వింగ్ చాటున ఇంకో మనిషి బాణాన్ని తోసిన క్షణమూ ఒక్కటి కావాలి. అవతలి వింగ్‌లోనూ అంతే. రెప్పపాటు తేడా వచ్చినా బాణం అభిమన్యుడి చేతిలోంచి కాక గోడలోంచి వచ్చినట్టుంటుంది. ఈ నలుగురినీ ఒక్క తాటిమీద నడిపేది తబలా అని నాకు అనిపించింది. దరువు వేగం పెరుగుతూ పెరుగుతూ ముక్తాయింపు పడిన చోటే బాణం కదిలింది. ఈ నాటకంలో మాయకి సంగీతమే గడియారం.

హైదరాబాద్ విద్యానగర్‌లో ఉండే మాకు నాటకం కొత్తేమీ కాదు. లైబ్రరీలో పుస్తకం ఇచ్చేసి వస్తూ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఆగి నాలుగు పద్యాలు విని ఇంటికి పోవడం మాకు అలవాటే. కానీ గానసభలో విన్న పద్యనాటకాల్లో పద్యానిదే రాజ్యం. నటుడు రాగం తీసినంతసేపూ కథ ఆగుతుంది, ఆగినందుకు మనమూ సంతోషిస్తాం. సురభి పద్ధతి వేరు. ఇంటిల్లిపాదీ ఆటోలో ఇరుక్కుని నారాయణగూడ మీదుగా రవీంద్రభారతికి వెళ్లిన ఆ ఆదివారం నాకది స్పష్టంగా తెలిసింది. వీళ్ల పాట కథని ఆపదు, మోస్తుంది.

ఎలాగంటే, వీళ్లవన్నీ రంగులు వేసిన తెరలు. రాజమందిరం, వీధి, ఉద్యానవనం, అడవి. వీధి తెర దించి ముందు జాగాలో ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటే, దాని వెనక కొలువుకూటం సిద్ధమవుతూ ఉంటుంది. హాస్యం కాస్త సాగిందని మా ఆవిడ అంది. నిజమే, సాగింది. అయితే ఆ సాగిన ప్రతి మాట వెనకా ఎవరో సింహాసనం మోస్తున్నారు. హార్మోనియం ఆయన చూపు వేళ్ల మీద లేదు, వింగ్ మీద ఉంది. అక్కడినుంచి సైగ రాకపోతే ఇంకో చరణం ఎత్తుకున్నాడు. వచ్చిందో, స్వరాన్ని చప్పున దించేశాడు, తెర లేచింది. ఆయన సాగదీసినట్టు హాల్లో ఎంతమందికి తెలిసిందో చెప్పలేను. తెలియకపోవడమే ఆ పనితనం.

మాయాశశిరేఖ సంగతి చెప్పకుండా దాటలేను. శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడని మనకి తెలియాలి, పెళ్లివారికి తెలియకూడదు. ఆ నటి పెద్ద చేష్టలేవీ చేయలేదు. నాలుగడుగులు పెళ్లికూతురిలా వేసి, అయిదో అడుగు మడమ బరువుగా ఆనించింది. అంతే, హాలంతా ఘొల్లుమంది. వెంటనే తలొంచుకుని పాట అందుకుంది. ఆ గొంతులో రాక్షసుడి జాడ లేదు. కాళ్లు ఘటోత్కచుడివి, కంఠం శశిరేఖది. రెండింటినీ ఒకే ఒంట్లో విడివిడిగా ఉంచడం ఏళ్ల సాధన మీద గానీ రాదు.

ఆ సాధన వీళ్ల ఇళ్లలోనే జరుగుతుంది. తోలుబొమ్మలాడించే కుటుంబాలవాళ్లు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' ఆడారు. ఆ ఊరి పేరే ఇంటిపేరంతగా అతుక్కుపోయింది. నడిపించినవాడు వనారస గోవిందరావు. తెలుగు నాటకంలో మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభి ఆడవాళ్లు తమ వేషాలు తామే వేసుకున్నారు. స్థానం నరసింహారావు గారి సత్యభామకి ఎంత పేరున్నా, ఇది ఇంకో దారి. ఇంటి ఆడపిల్ల, కోడలు, మనవడు, తాత అందరూ ఒకే సమాజం. అందుకే కాపురమూ కళా వేరు కాలేదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి అయిన సురభి కమలాబాయి పుట్టుక గురించి చెప్పుకునే కథ వినే ఉంటారు. తల్లి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులొచ్చాయనీ, జనం అదీ నటనే అనుకున్నారనీ చెబుతారు. 1937 నుంచి శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి ఈ పరంపరని పట్టుకొస్తోంది. దాన్ని నడిపిన నాగేశ్వరరావు గారికి, అందరి బాబ్జీ గారికి, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవంలో తెర తాళ్లు లాగిన చేతులకీ వాటా ఉందని నేను నమ్ముతాను.

విరామంలో అమ్మ తన చిన్ననాటి ఊరి ముచ్చట ఎత్తుకుంది. సురభి దిగిందంటే రేకుల పాక లేచేదట, నెలల తరబడి ఆటలట. పగలు బావి దగ్గర బిందె పట్టుకుని నిలబడిన మనిషే రాత్రికి ద్రౌపది. "పొద్దున మనతో పాటు నీళ్లు తోడుకునేదే అమ్మడూ! రాత్రి ఆవిడ ఏడిస్తే మేమంతా ఏడ్చేవాళ్లం" అంది మనవరాలితో. "మరి తెలిసి కూడా ఎందుకు ఏడ్చారు?" అని అది అడిగింది. అమ్మ కాసేపు ఆలోచించి, "పాడేది కదే" అంది.

మళ్లీ వాళ్లు 'పాతాళభైరవి' ఆడినప్పుడు మధ్య వరస కుర్చీలు నాకొద్దు. ఓ పక్కగా, హార్మోనియం ఆయన ముఖం కనబడేచోట కూర్చుంటాను. పిల్ల మాత్రం వింగ్‌లోకి వెళ్లి తీగ ఎక్కడ కట్టారో చూడాలంటోంది.