నక్షత్రములు - సింహాసనము
(ప్రాచీన రోమక కవిత్వమున రాజనీతి)

నక్షత్రము లెవరి యేలుబడికిని లోబడినవి కావు. బీదరు మండలమందలి కుశనూరు సేద్యగానికి మృగశిర కార్తె విత్తనపు వేళను దెలుపును. ఏ రాజు గొప్పతనమును జెప్పదు. అట్టి చుక్కలను రాజ్యాధికారమునకు సాక్షులుగా నిలిపిన కవులు ప్రాచీన రోమున గలరు.

క్రీ. పూ. 44లో జూలియస్ సీజరు హతుడయ్యెను. ఆ యేటనే ఆతని దత్తపుత్రుడు ఆక్టేవియను జరిపిన క్రీడోత్సవములలో నొక తోకచుక్క కానవచ్చెను. అది సీజరు ఆత్మయే యని ప్రచారమయ్యెను. ఓవిడు తన 'మెటమార్ఫసిస్' కావ్యాంతమున సీజరు నక్షత్రమైన కథను వర్ణించెను. అంతకు పూర్వమే వర్జిలు, 'జార్జిక్స్' అను కృషికావ్యపు టారంభమున, ఆక్టేవియనునకు రాశిచక్రమున చోటు చూపెను. ఆతనికై వృశ్చికము తన కొండ్లను ముడుచుకొన్నదట! కర్షకుని యాకాశమున ప్రభువునకు పీట వేయుట యిట్లు మొదలైనది.

మనీలియసు మఱింత ముందునకు బోయెను. ఆతని 'ఆస్ట్రోనామికా' యైదు సర్గల జ్యోతిషకావ్యము. దాని చివర నక్షత్రముల కాంతిభేదములను రోము నగరపు అంతస్తులతో బోల్చెను: సెనేటరులు, ఆశ్వికులు, పౌరులు, అటుపిమ్మట పేరులేని జనసమూహము. ఈ చిన్నచుక్కలకు సంఖ్యకు దగిన శక్తియే యున్నచో లోకము దగ్ధమగునని యాతని భావము. ఉపమానము మనోహరమే, కాని మానవకల్పితమైన తారతమ్యము ఇందు ప్రకృతిధర్మముగా మారినది.

మనకును ఇట్టి సంప్రదాయము కొత్తది కాదు. పెద్దన మనుచరిత్రావతారికలో కృష్ణదేవరాయల వంశమును చంద్రునినుండి దింపెను. కాకతీయులను కొన్ని శాసనములు చతుర్థకులజులనగా, గణపతిదేవుని మోటుపల్లి శాసనము సూర్యవంశజులనినది. రోమక కవులు ప్రభువును నింగి కెక్కించిరి. మనవారు నింగినుండి ప్రభువును దింపిరి. మార్గములు వేఱు, ప్రయోజన మొక్కటియే.

ఆకాశవాక్కునకు గల బలము పాలకు లెఱుగనిది కాదు. క్రీ. శ. 11లో అగస్టసు బిరుదాంకితుడైన ఆ ఆక్టేవియనే, ఎవరి మరణమును గూర్చియు జ్యోతిష్కులు ఫలము చెప్పరాదని శాసించెను. తనను బొగడు చుక్క లాతనికి సమ్మతములు; తన యంతమును జెప్పు చుక్కలు కావు.

కావున సహృదయుడు ఆ కావ్యముల సొగసును మెచ్చుచునే, చుక్కలచేత పలికించిన దెవరిపలుకో విచారింపవలయును. కవులు గడించిన బిరుదులు గతించినవి, సింహాసనములు కూలినవి. మృగశిర మాత్రము నేటికిని సేద్యగానిదే.