ఆంటొనీ వాదము - వైద్యుని అభిప్రాయము

షేక్‌స్పియరు 1599 ప్రాంతమున వ్రాసిన ‘జూలియస్ సీజర్’ నాటకమును ఇంగ్లీషు పాఠముగా చదివినవారు మనలో చాలమంది ఉన్నారు. అందులో ఆంటొనీ ప్రసంగమును వక్తృత్వమునకు మేలుబంతిగా బోధిస్తాము. దానినే ఒక హత్యకేసులో సాక్ష్యముగా పరీక్షిస్తే ఏమి తేలుతుంది?

ఆంటొనీ సీజరు పైవస్త్రమును ఎత్తి చూపి, ఈ చిరుగు కాసియస్ చేసినది, ఇది కాస్కా చేసినది, ఇది బ్రూటస్ చేసినది అని వరుసగా చెబుతాడు. కాని హత్య జరిగినప్పుడు అతడు అక్కడ లేడు. ట్రెబోనియస్ అతనిని ముందే అవతలకు తీసికొని పోయినాడు. పైగా గుడ్డలోని చిరుగు పొడిచిన చేతి పేరు చెప్పదు. గుడ్డ మడతపడి ఉంటే ఒక్క పోటుకే రెండు మూడు చిరుగులు పడవచ్చును. గాయముల లెక్క కూడ నిలువదు: నాటకములో ఆక్టేవియస్ 33 అంటాడు, ప్లూటార్కు, స్యుటోనియస్ అను ప్రాచీన రచయితలు 23 అని వ్రాసినారు. చివరకు ఆంటొనీ, బ్రూటస్ కృతఘ్నత చూచియే సీజరు గుండె పగిలినదని తేల్చివేస్తాడు.

ఇప్పుడు రెండవ సాక్షిని పిలుతాము. హత్య జరిగిన క్రీ.పూ. 44కు సుమారు ఒకటిన్నర శతాబ్దము తరువాత స్యుటోనియస్ తన గ్రంథములో ఆంటిస్టియస్ అను వైద్యుని అభిప్రాయమును పేర్కొన్నాడు. ఇన్ని గాయములలో ప్రాణాంతకమైనది ఒక్కటే. అది రెండవదిగా ఱొమ్మున తగిలిన పోటు అని ఆ అభిప్రాయము. గుండెకే తగిలినదని అతడు అనలేదు. కాని స్యుటోనియస్ చెప్పిన కథాక్రమము గమనింపదగినది. మొదటి పోటుకు సీజరు కాస్కా చేయి పట్టుకొని గంటముతో పొడిచినాడు. లేవబోగా మరియొక పోటు ఆపినది. ఆ తరువాతనే చుట్టూ కత్తులను చూచి, తలపై వస్త్రము కప్పుకొని, ఎడమచేతితో దాని అంచును క్రిందికి దించుకొన్నాడు. అనగా ఱొమ్మున చావుపోటు తగిలినవాడు తక్షణమే కూలిపోనక్కరలేదు.

ఇది నమ్మదగినదేనా? 1898 సెప్టెంబరు 10న జెనీవాలో ఆస్ట్రియా సామ్రాజ్ఞి ఎలిజబెత్‌ను లుకేని అనువాడు పదును పెట్టిన ఆకురాయితో పొడిచినాడు. ఎవడో గుద్దినాడనుకొని ఆమె లేచి, నడిచి, స్టీమరు ఎక్కినది, తరువాతనే కూలిపోయినది. సుమారు అరగంటలో మరణించినది. శవపరీక్షలో గాయము లోతు 8.5 సెంటీమీటర్లు, నాలుగవ ప్రక్కటెముక విరిగి, ఊపిరితిత్తి, హృదయావరణము, ఎడమ జఠరిక తూట్లుపడి ఉన్నవి. పైకి కనిపించిన గాయము మాత్రము మిక్కిలి చిన్నది.

కారణము సులభముగా గ్రహింపవచ్చును. ఎడమ జఠరిక గోడ సుమారు 10 మిల్లీమీటర్ల మందమైన కండ. సన్నని గాయమైతే ఆ కండ ముడుచుకొన్నప్పుడెల్ల రంధ్రము కొంత మూసుకొంటుంది. రక్తము కొద్దికొద్దిగా కారుతుంది. కుడి జఠరిక గోడ 3, 4 మిల్లీమీటర్లే కనుక దానికి ఈ రక్షణ తక్కువ. కారిన రక్తము గుండె చుట్టూ ఉన్న సంచిలో చేరుతుంది. ఆ సంచి త్వరగా సాగదు. 150, 200 మిల్లీలీటర్లు వేగముగా చేరితే చాలు, గుండె విప్పారుటకు చోటుండదు. విప్పారని గుండెకు రక్తము నిండదు. నిండనిది బయటకు పంపలేదు. పెద్ద గాయమైతే కొద్ది క్షణములలోనే స్పృహ తప్పుతుంది.

గుండె నిజముగా పగులుట కూడ కలదు. మోటారు ప్రమాదములో స్టీరింగు చక్రము ఱొమ్మును బలముగా నొక్కినప్పుడు, చర్మముపై చెప్పుకోదగిన గుర్తు లేకుండనే లోపల గుండె చిట్లవచ్చును. పైచూపుతో తీర్పు చెప్పరాదనుటకు ఇది మరియొక నిదర్శనము.

ఈ లోపములు కవివి కావు. లేని మనిషి చేత సాక్ష్యము చెప్పించుట ఆయన కావాలని చేసినదే, గుంపు నమ్మినది. విచారమేమనగా, నేటి రంగస్థలము, సినిమా మనకు నేర్పినది కూడ గుంపు నమ్మకమే: గుండెలో కత్తి దిగితే మనిషి వెంటనే పడిపోవలెను. ఈ నమ్మకము వలన రెండు నష్టములు. పొడిచిన తరువాత నలుబది అడుగులు నడిచినాడని నిజము చెప్పిన సాక్షిని అబద్ధీకుడంటాము. నడుస్తున్నాడు గదా అని గాయపడినవానిని ఇంటికి పంపుతాము. 1896లో, ఎలిజబెత్ మరణమునకు రెండేండ్ల ముందే, ఫ్రాంక్‌ఫర్టులో లుడ్విగ్ రేన్ గాయపడిన గుండెకు కుట్టువేసి రోగిని బ్రతికించినాడు. గాయమునకు, మరణమునకు నడుమ ఉన్న ఆ కొద్ది కాలము శస్త్రవైద్యునిది. అందుచేత దిగిన కత్తిని లాగరాదు. ఱొమ్మున పోటు తగిలినవాడు మాటలాడుచున్నను వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఆ ప్రసంగమును బోధించిన పిమ్మట విద్యార్థులను ఒక ప్రశ్న అడుగండి: ఆంటొనీ చెప్పినదానిలో అతడు చూచినదెంత? విజ్ఞానబోధలో కూడ ఆ ప్రశ్నయే మొదటిది.