పెంటయ్య పక్కన రియాంశ్

వరసగా ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోయిన ఇల్లు. నాలుగోవాడు పుట్టాడు. పొత్తిళ్లతో సహా వాణ్ణి చేటలో పడుకోబెట్టి, తీసుకెళ్లి పెంటకుప్ప మీద పెట్టారు. కాసేపటికి ఎవరో ఎత్తుకొచ్చి, దొరికిన బిడ్డను ఇచ్చినట్టు తల్లికి ఇచ్చారు. వాడు పెంటయ్య అయ్యాడు, ఆడపిల్లయితే పెంటమ్మ. కొన్ని ఇళ్లలో బిడ్డను పొరుగువాళ్లకు ఇచ్చేసి, కాస్త తవుడు పోసి తిరిగి కొనుక్కునేవారు. ఉత్తరాంధ్రలో ఈనాటికీ వినిపించే తవుడు, తవిటయ్య, తవిటినాయుడు, తవిటమ్మ అలా వచ్చిన పేర్లే.

ఇంకో ఇల్లు. ఇదీ పురుడే, కాలం ఇప్పటిది. బిడ్డ చిత్తా నక్షత్రం నాలుగో పాదంలో పుట్టాడు, పంచాంగం ప్రకారం పేరు 'రి'తో మొదలవ్వాలి. రెండక్షరాలుండాలి, వినడానికి కొత్తగా ఉండాలి, బళ్లో ఇంకెవరికీ ఉండకూడదు, అర్థం గొప్పదై ఉండాలి. బారసాల నాటికి ఫోన్‌లో ఒకటి దొరికింది: రియాంశ్. పక్కన అర్థం కూడా రాసి ఉంది, సూర్యుడి అంశ అని.

రెండూ అరుదైన పేర్లే. రెండు ఇళ్లలోనూ పేరు పెట్టినవాళ్లు బిడ్డ కోసం తపించినవాళ్లే. అయినా మొదటి పేరును మోటు అనీ రెండోదాన్ని అందం అనీ తేల్చేసే అలవాటు మనలో బలంగా ఉంది. ఆ తీర్పు నాకు సరైనదిగా తోచదు. పక్కపక్కన పెట్టి చూస్తే అర్థం తెలిసి పెట్టిన పేరు పెంటయ్య, అర్థాన్ని నమ్మి పెట్టిన పేరు రియాంశ్.

మన శాస్త్రకారులు పదం అర్థాన్ని యోగమనీ రూఢి అనీ విడదీశారు. పదం విడదీస్తే వచ్చే అర్థం యోగం, వాడుకలో స్థిరపడ్డది రూఢి. పంకజం బురదలో పుట్టిన ప్రతిదానికీ చెల్లదు, తామరకే చెల్లుతుంది. పెంటయ్య కూడా ఆ పంకజం లాంటి మాటే. యోగార్థం పెంటే. రూఢిలో మాత్రం ఆ మాటకు 'ఎలాగైనా బతకాల్సినవాడు' అని అర్థం. ఊళ్లో ఎవరు విన్నా ఆ ఇంట్లో ముందు పోయిన పిల్లలు గుర్తొచ్చేవారు. ఆ మూడక్షరాల్లో తల్లి కడుపుకోత కథంతా ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో దాదాపు 200 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. ఇప్పుడా సంఖ్య 30 లోపే. కొత్తగా పెంటయ్యలు పుట్టకపోవడానికి మన అభిరుచి మెరుగుపడటం కంటే పెద్ద కారణం పిల్లలు దక్కడమే, అందుకు సంతోషించాలి.

ఈ ఆచారం మన ఒక్కరిదే కాదు. తమిళుల కుప్పుసామి, కుప్పమ్మ పేర్లలో ఉన్నది చెత్తకుప్పే. మరాఠీ దగడు అంటే రాయి. బెంగాలీ తల్లులు బిడ్డను మూడు గవ్వలకో ఐదు గవ్వలకో అమ్మినట్టు చేసి తిన్‌కడి, పాంచ్‌కడి అని పిలుచుకున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే ఐతరేయ బ్రాహ్మణంలో అజీగర్తుడి కొడుకులు శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు. ముగ్గురి పేర్లకూ కుక్కతోక అనే అర్థం. వాళ్లు ఋషి బిడ్డలు.

అయితే పాత పేర్లను నెత్తిన పెట్టుకుని ఊరేగించడం కూడా నా వల్ల కాదు. బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా, శూద్రుడి పేరు రోత పుట్టించేదిగా ఉండాలని మనుస్మృతి రెండో అధ్యాయం విధించింది. తల్లి దిష్టి తగలకుండా పెట్టుకున్న వికారపు పేరు వేరు, పైవాళ్లు చిన్నబుచ్చడానికి అంటగట్టిన పేరు వేరు. మాట ఒకటే కావచ్చు, పెట్టిన చెయ్యి వేరు. ఎల్లయ్యను ఎల్లిగా అనీ, పోచమ్మను పోచీ అనీ కత్తిరించి పిలిచిన దొరతనం మన ఊళ్లలో నిన్నమొన్నటిదాకా సాగింది. బళ్లో హాజరు పిలిచేటప్పుడు పెంటయ్య పేరు రాగానే తరగతంతా నవ్వితే తలదించుకున్న కుర్రవాడికి రూఢ్యర్థం గురించి చెప్పి లాభం లేదు. అతను పెద్దయ్యాక పేరు మార్చుకున్నా, కొడుక్కి ఎవరూ నవ్వలేని పేరు వెతికినా తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. రియాంశ్ లాంటి పేర్ల వెనక ఆ గాయం కూడా కొంత ఉందని నేను నమ్ముతాను.

వికారపు పేర్లను పక్కన పెట్టినా, మనం వదిలేసుకుంటున్న అరుదైన పేర్లు ఇంకా చాలా ఉన్నాయి. పేరు వింటే ఊరు తెలిసేవి అవి. అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, సింహాద్రి అంటే సింహాచలం అప్పన్న. పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి. ఓబులేసు, ఓబయ్య అంటే అహోబిలం నరసింహుడు. అహోబిలం జనం నోట్లో ఓబులమైంది. మద్దిలేటి అంటే కర్నూలు వైపు, కదిరప్ప అంటే కదిరి. తెలంగాణలో యాదగిరి, యాదమ్మ అంటే యాదగిరిగుట్ట. కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న. ఐలయ్య, ఐలమ్మ అంటే ఓరుగల్లు దగ్గరి ఐలోని మల్లన్న. సమ్మయ్య, సారయ్య అంటే మేడారం. 1946 జులై 4న కడవెండిలో దొర గూండాల తుపాకీకి బలైన దొడ్డి కొమురయ్య పేరులోనూ, భూమి కోసం నిలబడిన చాకలి ఐలమ్మ పేరులోనూ ఆ మల్లన్నలే ఉన్నారు. 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. కానీ ఆ పేరు బళ్ల హాజరుపట్టీల్లో వెతుక్కోవాల్సిన స్థితి వచ్చింది.

ఇక దర్గా మొక్కు పేర్లున్నాయి. గుంటూరు మస్తాన్‌వలి దర్గాకు మొక్కుకుని మస్తానయ్య, మస్తానమ్మ. తమిళనాడు నాగూరుకు మొక్కుకుని నాగూరయ్య. పీర్ల పండుగకు మొక్కుకుని ఉసేనయ్య. పెట్టుకున్నది హిందువులు. వీటిలో నాకు మరీ ఇష్టమైనది రాయలసీమలో రెండు మతాలవాళ్లకూ ఉన్న దస్తగిరి. ఫారసీలో దస్త్ అంటే చెయ్యి, గీర్ అంటే పట్టుకునేది. కష్టంలో చెయ్యి పట్టుకునేవాడు అనే ఆ మాట బాగ్దాదు సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీ బిరుదు. మన నోట్లో గీర్ కాస్తా గిరి అయింది. యాదగిరి, శేషగిరి పక్కన ఇంకో కొండలా అది కుదురుకుంది. అర్థం మారిన మాట నిజమే, ఆ మార్పు వెనక మాత్రం నిజమైన మొక్కు ఉంది.

కొత్త పేర్ల వ్యుత్పత్తి దగ్గరకొస్తే నాకు బాధ కలుగుతుంది. శ్రేయాన్ అసలైన సంస్కృతం. శ్రేయస్ శబ్దానికి పుంలింగంలో ప్రథమావిభక్తి రూపం, మేలైనవాడు అని అర్థం, గీత చదివినవాళ్లకు తెలిసిన మాట. జైనుల పదకొండో తీర్థంకరుడు శ్రేయాంసనాథుడు. ఆ 'స'ను 'శ'గా విని, అందులో అంశ ఉందనుకున్నారు. ఆ తర్వాత తోక ఊడివచ్చి దేనికి పడితే దానికి అతుక్కుంది: రియాంశ్, కియాంశ్, అయాంశ్. సూర్యుడికి సంస్కృతంలో ఎన్ని పేర్లున్నా వాటిలో 'రియ' లేదు. చిత్తా నాలుగో పాదం అడిగిన 'రి'కి తోక తగిలిస్తే పేరైంది, అర్థం తర్వాత అద్దారు. ఆద్విక్‌దీ అదే సంగతి. సాటిలేనివాడు అని చెబుతారు. రెండోది లేదు అనడానికి అద్వయం, అద్వితీయం, అద్వైతం ఉన్నాయి. అన్నిట్లోనూ కొట్టివేసేది హ్రస్వమైన 'అ'. దాన్ని దీర్ఘం చేసి 'ఆ' అంటే ఆ కొట్టివేత పోతుంది. ఒక్క దీర్ఘంతో పేరు తన అర్థాన్నే పోగొట్టుకుంది.

పరాయి భాషల పేర్లంటే నాకు పేచీ లేదు, దస్తగిరీ పరాయిదే. మైరా పదహారో శతాబ్దంలో పుట్టిన ఇంగ్లిషు కవి ఫుల్క్ గ్రెవిల్ తన ప్రేమ కవితల కోసం కల్పించుకున్న పేరని చెబుతారు. కవి కల్పించిన పేరు అని చెప్పి పెట్టుకుంటే ఎంతో బాగుంటుంది. దానికి లేని సంస్కృత ధాతువు తగిలించడం ఎందుకు? కియారా కథ ఇంకా విచిత్రం. ఇటాలియన్ కియారాకు వెలుగు అని అర్థం. దాదాపు అలాగే వినిపించే ఐరిష్ పేరు నలుపు అనే మాట నుంచి వచ్చింది. మన దగ్గర ఇప్పుడది సినిమా ద్వారా వచ్చిన పేరు. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు, సినిమా మీద ఇష్టమూ నిజమైన కారణమే.

పతంజలి మహాభాష్యం తొలి ఆహ్నికంలో యాజ్ఞికుల మాటగా పేరుకు కొన్ని లక్షణాలున్నాయి. నాదంతో పలికే ఘోషాక్షరంతో మొదలవ్వాలి, మధ్యలో య ర ల వలలో ఒకటుండాలి, రెండో నాలుగో అక్షరాలుండాలి, ధాతువు నుంచి పుట్టిన కృదంతం కావాలి. రియాంశ్ మొదటి మూడూ దాటింది. ధాతువు దగ్గర ఆగిపోయింది. పరుషాక్షరంతో మొదలై మూడక్షరాలతో ముగిసే పెంటయ్య మొదటి మెట్టు మీదే ఓడాడు. చెవికి ఇంపు అన్నంతవరకు కొత్త తల్లిదండ్రులదే గెలుపు, ఒప్పుకుంటాను.

అన్నిటికంటే పెద్ద తేడా ఇంకోటుంది. పాత పేరు బిడ్డను దాచింది. చావు కంట, దిష్టి కంట పడకుండా చెత్తలో కలిపింది. కొత్త పేరు బిడ్డను అందరి కంటా పడేలా నిలబెడుతుంది. అప్పటి భయం బిడ్డ పోతాడని, ఇప్పటి భయం మందిలో కలిసిపోతాడని. రెండో భయాన్ని చిన్నదిగా చూడను. కానీ దానికి మందు, లేని అర్థాన్ని అద్దడంలో లేదు; ఆ బిడ్డ కోసం ఎవరు ఏం కోరుకున్నారో ఆ కథలో ఉంది. అది లేని పేరు ఎంత అరుదైనా నాకు ఖాళీగానే వినిపిస్తుంది.

ఇంకొక్క సంగతి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. పొలం గట్టు మీంచి పిలవాలంటే చివర సాగే అచ్చు కావాలి: ఓ యాదమ్మా, ఓరే ఓబులేసూ. రియాంశ్ చివర హల్లు దగ్గర గొంతు ఆగిపోతుంది. అందుకే ఏ నాయనమ్మా ఆ పేరును ఉన్నదున్నట్టు పలకదు. ఉకారం చేర్చి, 'శ'ను మెత్తబరిచి, సాగదీస్తుంది. దస్తగీర్‌ను దస్తగిరి చేసిన నోరే అది. సాయంత్రం అపార్ట్‌మెంటు మూడో అంతస్తు వసారాలోంచి కింద ఆడుకుంటున్న మనవడికి ఆవిడ వేసే కేక వినండి: రియాంసూ, చీకటి పడింది, అన్నం తిందువు రా నాయనా.