మలపరీక్షకు పిలుపు: ఇంగ్లండులో పిలిచిన తీరు

పెద్దపేగులో పుట్టు కాన్సరు ఒక్కనాటిలో పుట్టునది కాదు. పేగు లోపలి పొరపై మొదట చిన్న బుడిపె లేచును. ఇట్టి బుడిపెలలో అధిక భాగము ఎన్నటికిని అపాయము కలిగింపవు. కొన్ని మాత్రము సంవత్సరముల తరబడి పెరిగి కాన్సరుగా మారును. పెరిగిన బుడిపెనుండి గాని, కాన్సరు పుండునుండి గాని కంటికి కనబడనంత రక్తము అప్పుడప్పుడు కారి మలములో కలియును. ఆ రక్తమును పరీక్షలో పట్టుకొనగలిగినచో, రోగికి తెలియకముందే వైద్యునికి రోగము తెలియు అవకాశము కలదు. ఏ బాధయు లేనివారిని ఇట్లు పరీక్షించుటనే స్క్రీనింగు అందురు. మన మాటలో చెప్పవలెనన్న, జల్లెడ పట్టుట. జల్లెడలో నిలిచినదంతయు రాయి కానట్లే, రక్తము కనబడిన ప్రతివానికి కాన్సరు ఉండదు. మొలలవలన కూడ రక్తము పడవచ్చును.

శాస్త్రము ఇంతవరకు సులభము. హాయిగా తిరుగుచున్న మనిషిని "నీ మలమును పుల్లతో తీసి తపాలాలో పంపుము" అని అడుగుట మాత్రము సులభము కాదు. ఇంగ్లండు జాతీయ ఆరోగ్య సేవ 2006లో ఈ పనికి పూనుకొనెను. అరువదేండ్లు దాటినవారి ఇంటికి రెండేండ్లకొకసారి ఒక ఉత్తరము, ఒక కరపత్రము, పరీక్షకు కావలసిన సామగ్రి ఉచితముగా పంపసాగిరి. మొదటి సంవత్సరములలో ధనికులు నివసించు ప్రాంతములలో నూటికి 61 మంది పరీక్ష చేసి పంపగా, మిక్కిలి పేద ప్రాంతములలో 35 మందే పంపిరి. ఉచితముగా ఇంటికి వచ్చిన వస్తువు విషయములో ఇంత అంతరమేల?

కరపత్రము కఠినముగా ఉన్నదని పండితులు తలచిరి. ఈ ఊహ మన ఉపాధ్యాయులకును పరిచితమే. పిల్లవానికి పాఠము అర్థము కానిచో పుస్తకమును మార్చుదము. అక్కడ సారాంశమును మాత్రము తేలిక మాటలలో చెప్పు పత్రమొకటి, పరీక్ష చేయించుకొన్నవారి అనుభవములను కథలుగా చెప్పు పత్రము వేరొకటి సిద్ధమయ్యెను. ఒక్కొక్కదానిని లక్షకు పైగా జనుల మీద పరీక్షించి, 2016లో ఫలితములను లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. రెండింటి వలనను ప్రయోజనము కనబడలేదు. రోగి తన కుటుంబవైద్యుని పేరు ఉత్తరములో చూచినప్పుడు, గుర్తుచేయు రెండవ ఉత్తరమును కొంత మార్చి పంపినప్పుడు మాత్రము స్వల్పముగా మేలు కలిగినది. తాము శ్రమించి వ్రాసిన పత్రములు పని చేయలేదని దాచక ప్రకటించినవారి నిజాయితీని మెచ్చుకొనవలెను. ప్రచారశాఖలలో ఇది అరుదైన గుణము.

మరి మార్పు తెచ్చినదేది? పాత పరీక్షలో మూడు వేర్వేరు పర్యాయములు మలమును పట్టి, ప్రతిసారి రెండు చోట్లనుండి అట్టపుల్లతో తీసి, అట్టమీది గళ్ళలో పూయవలసియుండెను. ఆ అట్ట కొన్ని దినములు ఇంటిలోనే ఉండును! కొత్త పరీక్షకు ఒక్కసారి చాలును. సీసా మూతకున్న పుల్లతో గీకి మూత బిగించిన పని ముగియును. 2014లో రెండింటిని పోల్చి చూచిరి. పాత పరీక్షను నూటికి 59 మంది పంపగా కొత్తదానిని 66 మంది పంపిరి. అంతకు పూర్వము పిలిచినను పలుకనివారిలో ఈ సంఖ్య సుమారు 12 నుండి 24కు పెరిగినది. 2019లో కొత్త పరీక్షయే దేశమంతటికి వచ్చెను. జనులకు లోపించినది తెలివి కాదనియు, అడిగినవారు పెట్టిన పనియే అసహ్యమైనదనియు నా అభిప్రాయము.

అట్లని మాటకు విలువ లేదనరాదు. జనులను రప్పించుట ఒక పని, వారికి నిజము చెప్పుట మరొక పని. అమెరికాలో మిన్నెసోటా వైద్యులు 46,551 మందిపై జరిపిన పరిశోధన 1993లో వెలువడినది. ఏటేటా పరీక్షకు పిలిచిన వర్గములో ఈ కాన్సరు మరణములు నూటికి 33 వంతులు తగ్గినవి. ఇదే ఫలితమును ఇట్లును చెప్పవచ్చును: పదుమూడేండ్లలో పరీక్ష లేని వర్గమున వేయికి సుమారు 9 మంది, పరీక్షకు పిలిచిన వర్గమున వేయికి సుమారు 6గురు ఈ రోగముతో మరణించిరి. రెండు వాక్యములును నిజమే. తొమ్మిదవ తరగతి విద్యార్థి కూడ ఒకదానినుండి మరొకటి రాబట్టగలడు. కాని మొదటి వాక్యము వినినవాడు నూరుగురిలో ముప్పది ముగ్గురు బ్రతికిరని భ్రమపడును. సంఖ్యలు పెంచుకొన గోరు అధికారికి మొదటి వాక్యమే రుచించును. వేయిమందిలో ముగ్గురి ప్రాణములు చిన్నవి కావు గనుక వానిని పెద్దవి చేసి చూపనక్కరలేదు. రక్తము కనబడినవారికి పేగులోనికి గొట్టమును పంపి చూతురు. దానివలన అరుదుగా పేగుకు రంధ్రము పడవచ్చును. నేడు ఇంగ్లండు పత్రము "మీరు నిర్ణయించుకొనుటకు సహాయము" అను పేరుతో లాభముతోపాటు ఈ కీడును కూడ చెప్పుచున్నది. ఇది సరియైన పద్ధతి.

భాష విషయములోను వారొక మంచి పని చేసిరి. ఆంగ్లమున వైద్యులు మలమును 'స్టూల్' అందురు. ఆ మాటకు పీట అనియు అర్థము. దానిని విడిచి పసిపిల్లలు పలుకు 'పూ' అను మాటనే ప్రభుత్వ పత్రములలో అచ్చు వేయించిరి. మన పుస్తకములలో 'మలము', 'పురీషము'. ఇంటిలో 'బయటికి వెళ్ళుట', 'దొడ్డికి పోవుట'. ఇట్టి ఉత్తరమును తెలుగులో వ్రాయవలసి వచ్చిన ఏ మాట వ్రాయుదుము? ఈ రోగము మన దేశమున బ్రిటనులో కంటె చాల తక్కువ. ప్రభుత్వపు కాన్సరు స్క్రీనింగు ఇక్కడ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖము, ఈ మూడింటికే ఏర్పడినది. కనుక ఆ ఉత్తరము మన ఇంటికి రాదు. అయితే స్క్రీనింగు బాధ లేనివారికి మాత్రమే. మలములో రక్తము కంటికే కనబడుచున్నవాడు, వారముల తరబడి విసర్జనలో మార్పు గమనించినవాడు ఏ పిలుపు కొరకును ఎదురుచూడక వైద్యుని వద్దకు వెళ్ళవలెను. వెళ్ళినప్పుడు తనకు వచ్చిన మాటతోనే చెప్పవచ్చును.