పోగుల పరంజాకు ఒక దండకం

మడమ పైన, పిక్క కండ సన్నబడి బిగిసే చోట వేలు పెడితే గట్టిగా తగులుతుంది అకిలిస్ టెండన్. మనిషి పరుగెత్తేటప్పుడు ఒంటి బరువుకు 12 రెట్ల దాకా లాగుడు దాని మీద పడుతుంది. అది తెగిన చోట, కొత్త కణజాలం పుట్టి పుంజుకునేదాకా నిలబడడానికి పోతున్నావు, ఓ పోగుల పరంజా!

నిన్ను మెచ్చుకునేవాళ్లు ముందు నీ తెగే బలం అడుగుతారు. సహజ టెండన్ చదరపు మిల్లీమీటరుకు 50 నుంచి 100 న్యూటన్ల దాకా ఓర్చుకుంటుంది, నువ్వూ ఓర్చుకోవాలంటారు. కాదనను. నేను మాత్రం నీ మెతకదనానికే మొక్కుతాను.

యంత్రం దవడల మధ్య నిన్ను బిగించి మెల్లగా సాగదీస్తుంటే తెర మీద గీత మొదట నేలబారుగా పాకుతుంది. ఆ పాకుడే నాకిష్టం. సహజ టెండన్‌లో కొల్లాజెన్ పోగులు అలలు అలలుగా ముడుచుకుని ఉంటాయి. సుమారు 2 శాతం సాగేవరకూ అలలు విప్పుకోవడమే తప్ప పోగు మీద పెద్దగా భారం పడదు. అన్నీ సాపయ్యాక గీత నిటారుగా లేస్తుంది. ముందు ఒదగడం, తర్వాత బిగుసుకోవడం. ఆ వంకర నీకూ అబ్బాలని నిన్ను పురిపెడతారు, జడల్లా అల్లుతారు. (ఎండబెట్టి లాగితే ప్రతి కొల్లాజెన్ పోగూ వీరుడే. 37 డిగ్రీల ఉప్పునీటిలో నానబెట్టి లాగితే తెలుస్తుంది సంగతి.)

పట్టుతోనూ పుట్టావు. 2002లో పరిశోధకులు ఆల్ట్‌మన్, కప్లాన్ల బృందం పట్టుపోగుల సెరిసిన్ జిగురు వదలగొట్టి, పేటలు పేటలుగా మెలిపెట్టి మోకాలి లిగమెంటుకు తాడు తయారుచేసింది. హిందూపురం మార్కెట్లో కుప్పలు పోసే మల్బరీ గూళ్లను అల్లేదీ ఆ జాతి పురుగే.

బలం మితిమీరితే నువ్వే చెరుపు చేస్తావు. భారమంతా నువ్వే మోస్తే పక్కన పుట్టే కొత్త కణజాలానికి లాగుడే అందదు. లాగుడు లేకపోతే దానికి బలం రాదు. ఒకప్పుడు కార్బన్ పోగులను మోకాళ్లలో అమర్చారు. బలానికి లోటు లేదు, కానీ అవి తునిగి ముక్కలు కీలులో చెదిరాయి. పాలీగ్లైకాలిక్ ఆమ్లంతో చేస్తే వారాల్లోనే నీరసిస్తావు, పాలీకాప్రోలాక్టోన్‌తో చేస్తే ఏళ్ల తరబడి కదలవు. కణజాలం ఎంత పుంజుకుంటే నువ్వంత సడలాలి. ఈ లెక్క ఇంకా ఎవరికీ పూర్తిగా కుదరలేదు.

విద్యుత్ క్షేత్రంలో సన్నగా లాగి, తిరిగే డ్రమ్ము మీద ఒకే దిక్కుకు చుట్టిన నీ నానో పోగుల వెంట కణాలు కూడా బారుగా సాగి పడుకుంటాయి. చూడ ముచ్చటే. అయితే సర్జన్ సూది దిగిందా, ఆ ఏకముఖపు పోగులు పక్కకు జరిగిపోతాయి, కుట్టు చీల్చుకుని బయటికొస్తుంది. లాగుడు పరీక్షలో నీకు ఒక్క మార్కూ తేని అడ్డపోగులు నాలుగు నీ చివర్లలో అల్లితేనే ఆ కుట్టు నిలుస్తుంది.