వెంట్రుకలో ఐదొందలో వంతు పొర

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న అల్ఫారెట్టా పేరు చెబితే మనవాళ్లకు సాఫ్ట్‌వేర్ కొలువులే గుర్తొస్తాయి. సాల్వే కంపెనీ అమెరికాలో ప్రత్యేక పాలిమర్ల వ్యాపారం నడిపిందీ ఆ ఊరినుంచే. 2023 చివర్లో ఆ వ్యాపారం సైన్స్‌కో అనే కొత్త కంపెనీలో భాగంగా వేరుపడింది. వీళ్ల సరుకుల్లో పాలిసల్ఫోన్ ఒకటి. డయాలిసిస్ ఫిల్టర్ల నుంచి నీళ్లు వడగట్టే ఆర్ఓ మెంబ్రేన్ల దాకా ఈ ప్లాస్టిక్ పనికొస్తుంది.

మెంబ్రేన్ తయారీ ఎంత నాజూకైన పనో చూడండి. ద్రావకంలో కరిగించిన పాలిసల్ఫోన్‌ను పాలియెస్టర్ గుడ్డ మీద బ్లేడు అంచుతో పల్చగా పరిచి, నీళ్లలో ముంచుతారు. ద్రావకం బయటికొస్తుంది, నీళ్లు లోపలికెళతాయి, ప్లాస్టిక్ ఒళ్లంతా సన్న రంధ్రాలతో గట్టిపడుతుంది. నీళ్ల వేడి, గాలిలో తేమ, గుడ్డ కదిలే వేగం, ఏది కాస్త తేడా వచ్చినా రంధ్రాల తీరే మారిపోతుంది.

అసలు విద్య ఆ తర్వాత ఉంది. ఈ పొరను ఒక అమైన్ కలిపిన నీటితో తడిపి, దాని మీద యాసిడ్ క్లోరైడ్ కలిపిన హెక్సేన్ పోస్తారు. నీళ్లూ హెక్సేనూ కలవవు. ఆ రెంటి హద్దులో క్షణాల్లో, పాల మీద మీగడలా, పాలిఅమైడ్ తేలుతుంది. కట్టిన పొరే రసాయనాల మధ్య అడ్డుగోడవుతుంది కాబట్టి 0.1, 0.2 మైక్రాన్ల దగ్గర పెరగడం దానంతటదే నెమ్మదించి ఆగిపోతుంది. నానోమీటరుకన్నా చిన్న సందుల్లోంచి నీళ్లు దూరతాయి, ఉప్పు దూరలేదు. 1970లలో దీన్ని కుదిర్చిన జాన్ కాడాట్ బుర్రకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే!

ఆయనకు ముందు దారి వేసినవాళ్లలో మన దేశస్థుడున్నాడు. 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో సిడ్నీ లోబ్‌తో కలిసి శ్రీనివాస సౌరిరాజన్ సెల్యులోజ్ అసిటేట్‌తో పైన బిగువు, కింద గుల్ల ఉన్న పొర పోశాడు. ఆర్ఓ ప్రయోగశాల గడప దాటింది దానితోనే. 2007లో అదే విశ్వవిద్యాలయంలో ఎరిక్ హోక్ బృందం జియోలైట్ నానోకణాలను పాలిఅమైడ్‌లో ఇమిడ్చి నీటి ప్రవాహాన్ని పెంచింది. ఆ విద్యతో పుట్టిన నానోహెచ్2ఓ కంపెనీని 2014లో ఎల్జీ కెమ్ కొనేసింది.

ఇంతటి పనితనం మన వీధుల్లోకొచ్చేసరికి గతి ఏమిటి? నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్గొండ కష్టం చెప్పక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఆ జిల్లా పల్లెల్లో మెంబ్రేన్ ప్లాంట్లు పెట్టారంటే ఫ్లోరైడ్‌నూ ఆపే ఈ పొర విలువ తెలిసే. తక్కినచోట్ల? పేరుమోసిన కంపెనీ స్టిక్కరంటించిన నకిలీ మెంబ్రేన్లు! కార్బన్ ఫిల్టర్ మార్చకపోతే కుళాయి నీటి క్లోరిన్ పాలిఅమైడ్‌ను తినేస్తుందని చెప్పే దిక్కు లేదు. అన్నిటికన్నా మండేది టీడీఎస్ కంట్రోలర్ సంగతి. రుచి కోసమని ముడినీటిని పక్కదారిన తెచ్చి శుద్ధనీటిలో కలుపుతారు. ఫ్లోరైడ్ ఊళ్లో అది వడగట్టిన విషాన్నే మళ్లీ పోయడం. పైగా మీటరులో అంకె చూపించి భరోసా ఇస్తారు. మొత్తం లవణాలను అంచనా వేసే ఆ మీటరుకు ఫ్లోరైడ్ విడిగా తెలియదు. ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, దాటిందో లేదో తెలియాలంటే విడిగా పరీక్ష చేయించాల్సిందే. ప్రతి వాటర్ ప్లాంటువాడూ ఆ రిపోర్టును గోడకు అంటించాలి. అంటించేదాకా పంచాయతీ వాళ్లు అడుగుతూనే ఉండాలి.